ముప్పై నిండని వయసు: కోనసీమ నుంచి కువైట్ వెళ్లిన ఒక ఇంటి పనిమనిషి కేసు

ఈ కేసు ఫైల్లో మొదటి రెండు కాగితాలు చూస్తే ఇద్దరు వేర్వేరు మనుషులవేమో అనిపిస్తుంది. ఒకటి బడి వాళ్లిచ్చిన టీసీ. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది, పుట్టిన సంవత్సరం 1996. రెండోది పాస్‌పోర్టు జెరాక్సు. అందులో 1991. తేదీ, నెల మారలేదు. సంవత్సరం ఒక్కటే ఐదేళ్లు వెనక్కి పోయింది.

గోదావరి జిల్లాల్లో గల్ఫ్ వలస కేసులు చూసేవాళ్లకు ఈ తేడా కొత్తేమీ కాదు. నేను వలస కార్మికులకు న్యాయ సహాయం చేసే పనిలో ఉన్నాను. ఇలాంటివి మామూలుగా ‘ఏజెంటు మోసం’ ఖాతాలో రాసి మూసేస్తాం. ఇందులో ఏజెంటు మోసం ఉంది, కాదనను. కానీ ఆ మోసానికి సందు ఇచ్చింది ఆడవాళ్లను కాపాడ్డానికని ప్రభుత్వం పెట్టిన నిబంధనే. ఆ నిబంధన వెనకున్న ఆలోచనకీ ఈ కేసులో కువైట్ వెళ్లినావిడ అత్తగారింటి ఆలోచనకీ పెద్ద తేడా కనపడలేదు నాకు. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను. ఊరు, పేర్లు రాయడం లేదు. మనిషిని గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

ఇంటి సంగతి

గోదావరి పాయ పక్కన లంక గ్రామం. భర్త రొయ్యల చెరువుల మీద కూలి. పగలు మేత వేయడం, రాత్రి కాపలా. ఒక ఏడాది నలుగురితో కలిసి తనూ చెరువు కౌలుకు తీసుకున్నాడు. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలి పంటంతా పోయింది. అప్పు మూడు లక్షల దాకా తేలింది, వడ్డీ నూటికి మూడు రూపాయలు. పిల్లలు ఇద్దరు, చిన్నవాడికి అప్పటికి మూడేళ్లు.

కువైట్ వెళ్లాలన్న ఆలోచన ఎవరిది? నేను ప్రతి కేసులోనూ ఇంట్లో అందర్నీ విడివిడిగా ఇది అడుగుతాను. భర్త “ఆవిడే వెళ్తానందండి” అన్నాడు. అత్త “మేం వద్దనే అన్నామండి” అంది. ఆవిడ చెప్పింది వేరు. “నేనే అన్నానక్కా. నేనన్నప్పుడు ఎవరూ చెవిన పెట్టలేదు. ఆయన చేత అనిపించాక అందరూ సరే అన్నారు.”

రాజోలు, మలికిపురం వైపుగానీ, అవతల నరసాపురం వైపుగానీ, రాయలసీమలో రాజంపేట, రాయచోటి వైపుగానీ ఆడవాళ్లు కువైట్లో వంటిళ్లు కడిగి పంపిన డబ్బుతో లేచిన డాబాలు బోలెడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ‘వాళ్లమ్మ కువైట్లో చేసొచ్చింది’ అన్నమాట గొంతు తగ్గించే అంటారు. మగవాడు వెళ్తే సంపాదనకి వెళ్లాడు. ఆడది వెళ్తే, ఎవరు పంపారు, ఎవరింట్లో ఉంటుంది, పిల్లల్ని ఎవరి మీద వదిలింది?

నిబంధన సంగతి

మన దేశం నుంచి పనికోసం వలసపోవడాన్ని ఇప్పటికీ నడిపేది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. పదో తరగతి పాస్ కాని వాళ్లకు సాధారణంగా ఈసీఆర్ (వెళ్లేముందు ఎమిగ్రేషన్ అనుమతి కావాలన్న) ముద్ర ఉన్న పాస్‌పోర్టు వస్తుంది. ఆ పాస్‌పోర్టుతో కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర అనుమతి తీసుకోవాలి. ఇక్కడిదాకా ఆడా మగా అందరికీ ఒకటే.

ఆడవాళ్లకు దీనిమీద ఇంకో రెండు గేట్లు పెట్టారు. ఒకటి వయసు: ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళకు 30 ఏళ్లు నిండితేగానీ ఆ దేశాలకు అనుమతి రాదు. రెండోది దారి: 2016 ఆగస్టు నుంచి ఇంటి పనికి వెళ్లే ఈసీఆర్ మహిళల్ని ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థలే పంపాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్, కేరళలో నోర్కా రూట్స్, ఒడెపెక్ అలాంటివి. వీటికి తోడు, ఇంటి పనికి మనిషిని నేరుగా పెట్టుకునే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలన్న షరతు ఒకటి ఉండేది. కువైట్ అభ్యంతరం చెప్పాక, అక్కడివాళ్ల వరకు 2017లో దాన్ని ఎత్తేశారు. నా మట్టుకు నాకు ఈ మొత్తంలో అర్థమున్న షరతు అదొక్కటే, ఎందుకంటే అది యజమాని జేబు మీద పెట్టింది. ఎత్తేసింది దాన్నే. ఆడమనిషి వయసు మీద పెట్టింది మాత్రం అలాగే ఉంది.

పదో తరగతి తప్పిన 19 ఏళ్ల కుర్రాడు కాగితాలు సరిగా ఉంటే కువైట్ ఎడారికి గొర్రెలు కాయడానికి వెళ్లొచ్చు. ఎండకి, ఒంటరితనానికి, జీతాల ఎగవేతకి అల్లాడి తిరిగొచ్చిన మగవాళ్ల ఫైళ్లు మా బీరువాలో తక్కువేం లేవు. వాళ్ల కోసం కనీస వయసు పెంచమని ఎవరూ అడగలేదు. వాళ్ల విషయంలో ఏజెంటుని పట్టుకోండి, యజమానిని నిలదీయండి అంటాం. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి మనిషినే ఆపేద్దాం అంటాం.

ఈ జబ్బు మనదొక్కరిదే కాదు. కువైట్లో ఒక నేపాలీ పనిమనిషి చనిపోయాక నేపాల్ 1998లో గల్ఫ్‌కి ఆడవాళ్లను పంపడమే ఆపేసింది. ఆ తర్వాత ఎత్తడం, మళ్లీ పెట్టడం, ఒకసారి 30 ఏళ్ల లోపు వాళ్లకే నిషేధం. శ్రీలంక 2013లో ఇంటి పనికి వెళ్లే మహిళలకు కుటుంబ నేపథ్య నివేదిక తప్పనిసరి చేసింది. ఐదేళ్లలోపు బిడ్డ ఉన్న తల్లికి అనుమతి లేదు. 2022లో ఆర్థికంగా కుప్పకూలి డాలర్లకు కటకటలాడేసరికి ఆ ఐదేళ్లు రెండేళ్లకు దిగింది. తండ్రిని ‘నీ బిడ్డకెన్నేళ్లు’ అని ఏ ప్రభుత్వమూ అడగలేదు. కూలీల ఒప్పంద వలస కాలంలోనైతే తెల్లదొరలది ఇంకో లెక్క: ఓడలో వందమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండి తీరాలి. ఎంతమంది వెళ్లాలో, ఎవరు ఆగాలో పైవాళ్లు నిర్ణయించడం అప్పుడూ ఇప్పుడూ ఉన్నదే.

ఎలా వెళ్లింది

పక్క ఊళ్లో సబ్ ఏజెంటు ఒకావిడ ఉంది. తనూ పన్నెండేళ్లు కువైట్లో చేసి వచ్చిన మనిషే. ఈవిడతో కాదు, భర్తతో, అత్తతో మాట్లాడింది. ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసాకి ఆడవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు, ఎదురు డబ్బిస్తారు. ఇక్కడా అంతే జరిగింది. భర్త చేతిలో 30,000 పెట్టి, ‘నా భార్యను విదేశానికి పంపడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు’ అని స్టాంపు పేపరు మీద సంతకం తీసుకుంది. చట్టంలో అలాంటి కాగితం ఎక్కడా అడగలేదు. రేపు గొడవైతే మొగుడి నోరు కట్టెయ్యడానికి ఏజెంట్లు కనిపెట్టిన పద్ధతి అది. భార్య సంతకం ఏ కాగితం మీదా లేదు.

వయసు చూసి ఎక్కడో ఒకచోట ఆపుతారని, ముందు ఆధార్లో ఏడాది మార్పించి, దాంతో పాస్‌పోర్టు తీయించారు. “నీకిప్పుడు ముప్పై ఒకటి, అడిగితే అదే చెప్పు” అని నేర్పారట. 2022 మేలో కువైట్‌కి కాదు, మస్కట్‌కి విజిట్ వీసా మీద పంపారు. చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు, రానుపోను టిక్కెట్టు చూపిస్తే చాలు. విమానాశ్రయంలో ఫలానా కౌంటరు దగ్గరే నిలబడమని ఫోనులో చెప్పారు. దీన్నే మావైపు ‘పుషింగ్’ అంటారు. మస్కట్లో రెండు రోజులుంచి, కువైట్ ఇంటి పని వీసా కాగితం చేతికిచ్చి మళ్లీ విమానం ఎక్కించారు.

ఫలితం ఏమిటంటే, భారత ప్రభుత్వ లెక్కల్లో ఈవిడ వలస కార్మికురాలే కాదు. ఒమన్ చూసిరావడానికి వెళ్లిన యాత్రికురాలు. పనికి వెళ్లేవాళ్లను నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో ఒప్పందం లేదు. అనుమతితో వెళ్లేవాళ్లకు తప్పనిసరిగా వచ్చే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా యోజన లేదు. ఫలానా ఏజెంటు పంపాడన్న ఆధారం ఎక్కడా లేదు. పైగా తప్పుడు వివరాలతో పాస్‌పోర్టు తీసుకుంటే పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, ఎమిగ్రేషన్ చట్టానికి విరుద్ధంగా వలస వెళ్తే 24వ సెక్షన్ కింద మళ్లీ రెండేళ్ల దాకా జైలు. అంటే కాపాడ్డానికి పెట్టిన నిబంధన పుణ్యమా అని దేశం దాటేసరికే ఆవిడ రెండు చట్టాల కింద నేరస్తురాలైంది. మోసం చేసినవాళ్లకి ఇంతకంటే మంచి తాళం ఏం కావాలి?

ఆ ఇంట్లో

ఇంట్లో తొమ్మిదిమంది. జీతం 120 దినార్లని చెప్పి 90 ఇచ్చారు. దినారుకు 270 రూపాయల చొప్పున చూసుకుంటే 24,300. మొదటి ఏడాది అటూ ఇటూగా వచ్చింది, తర్వాత ఆగింది. పాస్‌పోర్టు బాబా (ఇంటి యజమాని) దగ్గర. ఫోను రాత్రి పదకొండు తర్వాతే. కువైట్లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికో సెలవు, రోజుకు పన్నెండు గంటలు మించని పని, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో కూడిన సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదన్నది అందులోనే ఉన్నాయి. ఆవిడకు ఇందులో ఒక్కటీ తెలియదు. తెలిసినా అడిగేది కాదేమో. జీతం అడిగితే మామా (ఇంటి యజమానురాలు) అన్న మాట ఒకటే: “నిన్ను డబ్బు పోసి కొనుక్కున్నాం. పోతే ఆ డబ్బు కట్టి పో.” సబ్ ఏజెంటు పైనున్న ఏజెంటుకి ఫోన్ చేస్తే వాడిది ఇంకో మాట: “ఎంబసీకి వెళ్తావా? నీ వయసు దొంగ వయసు. ముందు నిన్నే లోపలేస్తారు.”

ఈ రెండో మాటే ఆవిణ్ణి ఆ ఇంట్లో ఇంకో ఐదు నెలలు కూర్చోబెట్టింది. జీతం లేకుండా.

మేం చేసిన పని

2023 నవంబరులో మా దగ్గరికొచ్చింది భర్త కాదు, కన్నతల్లి. “మేడంగారూ, మా అల్లుడు కదలట్లేదండి. డబ్బు తీసుకున్నాడు కదా, ఏ మొహం పెట్టుకుని కంప్లైంటు ఇస్తాడండి” అంది.

ఇలాంటి కేసులో ముందు కావాల్సింది మనిషి ఎక్కడుందో తేల్చుకోవడం. వీసా కాగితంలో కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు ఉంటుంది, ఇల్లు ఉండదు. కువైట్లో ప్రతి భవనం గోడకీ చిన్న రేకు ప్లేటు ఉంటుంది, దానిమీద ఎనిమిది అంకెల నంబరు. పౌర సమాచార సంస్థ వాళ్లిచ్చేది. ఆ నంబరు దొరికితే బ్లాకు, వీధి, ఇల్లు అన్నీ దొరికినట్టే. చెత్త సంచి బయట పడేయడానికి వెళ్లినప్పుడు ఆ ప్లేటు ఫొటో తీయమని రాత్రిపూట ఇమో యాప్‌లో చెప్పాం. మొదట పంపిన ఫొటోలో కారు అద్దం మెరుపు తప్ప ఏమీ లేదు. రెండోసారి ఫొటో తీయడం కుదరలేదు. అంకెలు గుర్తుపెట్టుకుని, మన ఎక్కాలు చదివినట్టు రెండేసి అంకెలుగా వాయిస్ మెసేజిలో చెప్పింది. సరిపోయాయి.

ఆ వివరాలతో విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాం. రాసేటప్పుడు వయసు గొడవ ఏం చేయాలన్నది పెద్ద తలనొప్పి. దాచిపెడితే రేపు వాళ్లే కనిపెట్టి మనిషినే అనుమానిస్తారు. చెప్తే ఫిర్యాదు ఆవిడ మీదకే తిరగొచ్చు. చివరికి ఇలా రాశాం: పాస్‌పోర్టులో పుట్టిన సంవత్సరం ఏజెంటు మార్పించాడు, బడి టీసీ జతచేస్తున్నాం, ఈమె బాధితురాలు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పేదీ ఇదే. తప్పు ఎక్కడుందో మనమే ముందు, మన మాటల్లో రాయాలి. అవతలివాడు రాస్తే అది బెదిరింపు అవుతుంది.

ఇక్కడ పోలీసు కేసు విషయంలో ఒక చిక్కు. ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రాసిక్యూషన్ నడవాలంటే 27వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. అయితే వెళ్లిన మనిషిగానీ, ఆమె తరఫున తల్లి, తండ్రి, భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరైనాగానీ ఫిర్యాదు ఇస్తే ఆ అనుమతి అక్కర్లేదు. ఇది చాలా స్టేషన్లలో తెలియదు, తెలిసినా చెప్పరు. మేం ఆ సెక్షన్ తెలుగులో ఒక పేజీ రాసి ఫిర్యాదుకి జత చేశాం. అల్లుడు అభ్యంతరం లేదని సంతకం పెట్టిన వ్యవహారంలో అతని అత్తగారు, అంటే ఆవిడ కన్నతల్లి, వేలిముద్ర వేసి ఫిర్యాదు ఇచ్చింది. ఊళ్లో ఆమెను అన్న మాటలు ఇక్కడ రాయలేను. మోసం కింద 420, ఎమిగ్రేషన్ చట్టం 10, 24 సెక్షన్లు పెట్టి ఎఫ్‌ఐఆర్ అయ్యేసరికి సంక్రాంతి దాటింది.

ఆ ఎస్సైగారితో జరిగిన వాదన రాయాలి, ఎందుకంటే ఆయన చెడ్డ మనిషి కాదు, అన్నది కొట్టిపారేయదగ్గదీ కాదు. “మేడం, ఆ ముప్పై ఏళ్ల రూలు లేకపోతే పద్దెనిమిదేళ్ల పిల్లల్ని కూడా పంపేస్తారు ఈ జనం. మీకు తెలీదా?” తెలుసు. అప్పులో ఉన్న ఇల్లు ఆడపిల్ల మీద ఎంత ఒత్తిడి పెడుతుందో ఈ కేసే చెప్తోంది. కానీ రూలు ఆ ఒత్తిడిని ఆపలేదు కదా. 26 ఏళ్ల మనిషి వెళ్లనే వెళ్లింది. రూలు వల్ల మారింది ఒకటే: కాగితంతో, బీమాతో, ఫోను నంబరుతో వెళ్లాల్సిన మనిషి దొంగదారిన వెళ్లింది. ఇదే ఆయనతో అన్నాను. “అయితే కట్టుదిట్టం చేయాలి గానీ తీసేయకూడదు” అన్నారు. కట్టుదిట్టం ఎవరి మీద అన్నదగ్గర మా ఇద్దరికీ కుదరలేదు.

తిరిగి రావడం

ఎంబసీ నుంచి ఫోన్ వెళ్లాక యజమాని ఇల్లు ఇంకా బిగించాడు. 2024 జనవరిలో ఒక శుక్రవారం, ఇంట్లో అందరూ బయటికెళ్లినప్పుడు ఆవిడ బయటపడింది. ఫర్వానియాలో తెలుగు ఆడవాళ్లు కలిసి ఉండే గదికి చేరింది. మర్నాడే యజమాని పారిపోయిందని కేసు పెట్టాడు. దాంతో అకామా (నివాస అనుమతి) పోయి కల్లివల్లి అయింది, అంటే అక్కడ అనుమతి లేకుండా ఉంటున్న మనిషైంది. కువైట్ ప్రభుత్వం మార్చి 17 నుంచి ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించకపోతే కథ ఎక్కడ తేలేదో చెప్పలేను. గడువు దాటి ఉన్నవాళ్లు జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చన్నారు. దాన్నే జూన్ నెలాఖరు దాకా పొడిగించారు. పాస్‌పోర్టు ఎలాగూ లేదు, ఎంబసీలో తిరుగు ప్రయాణ పత్రం, అంటే అవుట్‌పాస్ తీసుకుని మేలో వచ్చేసింది.

రావాల్సిన జీతం ఐదు నెలలది, 450 దినార్లు, మన డబ్బులో లక్షా ఇరవై వేల పైమాటే. అక్కడ ఉండి కార్మిక శాఖలో కొట్లాడితే వచ్చేదేమో. ఆమ్నెస్టీలో వస్తే ఆ డబ్బు మీద ఆశ దాదాపు వదులుకోవాల్సిందే. ఈ ఎంపిక ఆవిడ చేతుల్లోనే పెట్టాం. పిల్లాడు ఫోనులో గుర్తుపట్టడం మానేశాడని, వస్తానంది.

వచ్చాక పెద్దమనుషుల దగ్గర కూర్చోబెట్టారు. సబ్ ఏజెంటు 60,000 ఇస్తుంది, కేసు వదిలేయాలి. భర్త ఒప్పుకున్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. “ఆ డబ్బు నా జీతం. ఈయనకిచ్చిన ముప్పై వేలు వేరు. నా జీతం మొత్తం ఇస్తే మాట్లాడతా” అంది. 420 కేసు రాజీ అవ్వాలన్నా కోర్టు అనుమతి కావాలని నేను చెప్పి ఊరుకున్నాను. రాజీ పడమనీ అనలేదు, వద్దనీ అనలేదు. బయట కూర్చుని బాధితురాలి చేత పోరాటం చేయించడం మాకు సులువే. వడ్డీ కట్టేది ఆవిడ. ప్రస్తుతానికి కేసు ఛార్జిషీటు దశలో ఉంది.

ఆ సబ్ ఏజెంటు గురించి కూడా ఒక మాట. మా ఫైళ్లలో దొరికిపోయేది ఎప్పుడూ ఇలాంటి ఊరి మనిషే, ఎక్కువసార్లు ఆడమనిషే. మనిషికింతని వచ్చే కమిషన్లో తనకు మిగిలేది తక్కువ. కౌంటరు దగ్గర ఎవరు ముద్ర వేశారు, మస్కట్లో ఎవరు దింపుకున్నారు అన్నదాకా దర్యాప్తు వెళ్లలేదు.

ఇది రాసేనాటికి ఆవిడకు 28 ఏళ్లు. మళ్లీ వెళ్తానంటోంది. కువైట్‌కే. అత్త “ఒకసారి చాల్లే” అంటోంది, భర్త ఏమీ అనడం లేదు, అప్పు అలాగే ఉంది. కొత్త పాస్‌పోర్టుకి పుట్టిన సంవత్సరం 1996 అని నిజం రాస్తే, ఈసీఆర్ కింద ఇంకో రెండేళ్లు ఆగాలి. పాత అబద్ధమే కొనసాగిస్తే రేపే అర్హురాలు. అబద్ధం రాయించడానికి మేం ఒప్పుకోం, ఆవిడా మళ్లీ ఆ తాళం వేయించుకోనంది. మూడో దారి ఉంది: పదో తరగతి పాసైతే ఈసీఆర్ ముద్రే ఉండదు, ముప్పై ఏళ్ల మాటా ఉండదు. ఓపెన్ స్కూల్లో పదికి ఫీజు కట్టించాం. తెలుగు, సోషల్ ఫర్వాలేదు. లెక్కల్లో భయపడుతోంది. ట్యూషన్ చెప్పడానికి ఊళ్లో డిగ్రీ చదివే అమ్మాయి ఒప్పుకుంది. ఇంగ్లీషుకి ఎవరూ దొరకలేదు, చూస్తున్నాం.